అంచు తగిలినా ఔటే

అమ్మ కడుపులో నా ఎముకలను ఒక్కొక్కటిగా పేర్చినవాడికి, పడ్డప్పుడు లేపినవాడికి, లేపకుండా పక్కనే కూర్చున్న రోజుల్లో కూడా నన్ను విడవనివాడికి ముందుగా స్తోత్రం. మహిమ అంతా ఆయనదే. స్తుతించాలంటే లోపల ఏదో కదలాలని మా చర్చి సంఘంలో ఎవరూ నేర్పలేదు. కదిలిన రోజు స్తుతించు, కదలని రోజూ స్తుతించు అన్నారు. ఇది రాయడానికి కూర్చున్న ఈ పూట నా లోపల ఏమీ కదలడం లేదు. అయినా స్తోత్రం.

నేను కబడ్డీ ఆడేదాన్ని. డెబ్బైల చివరి సంవత్సరాల్లో, విశాఖపట్నంలో, విశ్వవిద్యాలయం ఆడపిల్లల జట్టులో కుడి మూల నాది. ఎదుటి జట్టు నుంచి కూతకు వచ్చిన అమ్మాయి లోపలి దాకా దిగేవరకు ఓపిక పట్టి, చీలమండ అందుకుని, కూత ఆగేవరకు వదలకుండా ఉండడం మూలలో నిలబడేవాళ్ల పని. నాకు ఉన్న ఒకే ఒక్క విద్య అది.

మా ఇల్లు పాత ఊళ్లో, రేవుకు దగ్గర. ఆరేసిన బట్టల మీద ఇనప ఖనిజం ఎర్రదుమ్ము పడేది. నాన్నకు పోర్టులో షిఫ్టు పని. అమ్మ ఊరి బయట కొండవార ఉన్న కుష్ఠు ఆసుపత్రిలో ఆయా. పుళ్లు కడిగి కట్లు కట్టేది. వీధిలో అమ్మ చేతి టీ ఎవరూ తాగేవారు కాదు. ఇప్పుడే తాగి వచ్చామనేవారు. అమ్మ కూడా నమ్మినట్టే తలూపేది. అందువల్ల మా వీధి పిల్లలు చేతులు పట్టుకుని ఆడే ఏ ఆటకూ నన్ను పిలిచేవారు కాదు. బడిలో డ్రిల్లు టీచరుకు మా అమ్మ సంగతి తెలియదు. ఆవిడ నన్ను కబడ్డీ ఆటలో చేతుల గొలుసు మధ్యలో నిలబెట్టి, అటూ ఇటూ ఉన్న పిల్లల చేతుల్లో నా చేతులు పెట్టింది. నేను కబడ్డీలోకి వచ్చిన దారి అది.

ఇంటర్ చదివేటప్పుడు కాలేజీల పోటీల్లో ఒక కూత జరిగింది. వచ్చిన అమ్మాయి నా వైపు కాలు విసిరి వెనక్కి గెంతింది. నా పాదానికి తగలలేదు. పేంటు అంచుకు తగిలింది. ఆ అమ్మాయికే తెలియలేదు. అంపైరు చూడలేదు. కబడ్డీలో బట్ట తాకినా ఒళ్లు తాకినట్టే. నేను చెయ్యెత్తి బయటికి నడిచాను. అంపైరు విజిల్ నోట్లో పెట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"ఎక్కడికమ్మా?"

"అంచు తగిలిందండి."

అందులో గొప్పేమీ లేదు. అంతకు ముందు ఆదివారమే మా పాస్టరు అయ్యగారు వాక్యం చెబుతూ, జనం తోసుకుంటున్న దారిలో ఒక రోగిష్టి మనిషి వెనక నుంచి అంగీ అంచు ముట్టుకుంటే ప్రభువుకు తెలిసిపోయిన సంగతి చెప్పారు. అంత తోపులాటలో అంచు తాకితే తెలిసిందట. నాకూ తెలిసింది కాబట్టి చెయ్యెత్తాను. కానీ ఆ రోజు నుంచి నాకొక పేరు వచ్చింది. అనుమానం వచ్చిన చోట అంపైర్లు నన్నే అడిగేవారు. నేను లేదంటే లేదు, ఔనంటే ఔను. అవతలి జట్లు కూడా దానికి ఒప్పుకునేవి. నా ఆట కంటే నా మాటే ముందు పేరు తెచ్చుకుంది.

ఆ పేంటు సంగతి కూడా చెప్పాలి. జట్టులో అందరూ మోకాళ్ల పైకి ఉండే నిక్కర్లు వేసుకునేవారు. ఇంటర్‌లో కాలేజీ జట్టులో చోటు వచ్చినప్పుడు సంఘ పెద్దలు మా ఇంటికి వచ్చారు. ఒక పెద్దాయన గోడ వైపు చూస్తూ మాట్లాడాడు.

"ఆడితే ఆడనీండమ్మా. దేవుడిచ్చిన బలం. కానీ ఆ పొట్టి బట్టలేటి?"

అమ్మ అంది, "ఆట బట్ట బాబూ అది. సీర కట్టుకుని పట్టు పడతారేటి?"

చివరికి అయ్యగారి భార్య మధ్యస్థం చేసింది. తానే కుట్టుమిషను మీద ముతక నీలం గుడ్డతో, చీలమండల దాకా వచ్చే వదులు పేంట్లు రెండు కుట్టి ఇచ్చింది. తరువాత విశ్వవిద్యాలయం జట్టులో వాటికి పాస్టరమ్మ పేంట్లు అని పేరు పడింది. ఎక్కువగా ఏడిపించింది నా పక్క స్థానంలో ఆడే అమ్మాయి. గాజువాక అవతల పల్లెలో రైతుల పిల్ల. ఉక్కు కర్మాగారం కోసం వాళ్ల భూమి తీసుకున్నారు. ఆట మొదలయ్యే ప్రతిసారీ నా ఎడమ చెయ్యి ఆమె కుడిచేతిలో ఉండేది.

"ఒలే, ఆ గుడ్డతో మా నాన్నకి గొడుగైపోద్ది. అంచులు ఎగ్గట్టుకోయే, ఎవులైనా కూతకొచ్చి అందులో తప్పిపోగలరు."

"నీకెందుకే, నీ కాలు నువ్వు చూసుకో."

"నీ కాలూ నానే సూసుకోవాల. నీ సెయ్యి నా సేతిలో ఉన్నాది గదా."

ఆ పేంటుతోనే అక్కడ మూడేళ్లు ఆడాను. ఆఖరి ఏడు జట్టుకు నాయకురాలిని చేశారు. మా ఇళ్లలో ఆడపిల్ల చదువు అయిపోతే ఆటా అయిపోయినట్టే. మిగిలింది ఒక్క దారి, రాష్ట్ర జట్టు. అందులోకి వెళ్తే ఇంకొన్నేళ్లు ఆడవచ్చు. ఆ ఏడాది విశ్వవిద్యాలయాల పోటీలు మా ఊళ్లోనే, మా మైదానంలోనే. రాష్ట్ర జట్టుకు పిల్లలను ఎంచేవాళ్లు చూడడానికి వస్తారన్నారు. నేను ప్రార్థనలో వేరే ఏదీ అడగలేదు.

పోటీలకు ముందు, వానలు తగ్గాక, మామూలు సాధనలో దెబ్బ తగిలింది. నేను పట్టిన చీలమండ వదల్లేదు. ఆ అమ్మాయి మీద ఇంకో ఇద్దరు పడ్డారు. ఆ బరువంతా నా కుడి మోకాలి బయటి పక్కన పడింది. కొన్నాళ్లు కుంటుతూ నడిచాను. పాదం పైకి లేచేది కాదు, నడుస్తుంటే నేలకు చప్పుడు చేసేది. తరువాత నొప్పి పోయింది. పాదం లేవసాగింది. నేను పరుగు మొదలుపెట్టాను.

ఒక సాయంత్రం బస్సు దిగి ఇంటికి వచ్చాను. అమ్మ గుమ్మంలో బియ్యం చెరుగుతోంది. నా కాళ్ల వైపు చూసి చేట కింద పెట్టింది.

"కుడికాలి సెప్పేదే?"

చూసుకున్నాను. లేదు. ఎక్కడ జారిపోయిందో తెలియదు. రోడ్డు మీద కంకర, ఎండ, ఏదీ నాకు తెలియలేదు.

అమ్మ లేచింది. లోపలికి వెళ్లి పత్తి తెచ్చి, వేళ్ల మధ్య సన్నగా నలిపింది. ఆసుపత్రిలో కొత్తగా వచ్చినవాళ్లకు అలా చేస్తారని నాకు తెలుసు. చిన్నప్పుడు ఆటగా నా చేతుల మీద కూడా చేసేది.

"కళ్లు మూసుకోయే. ఎక్కడ ముట్టుకుంటే అక్కడ యేలు పెట్టి సూపించు."

మూసుకున్నాను. ఎడమకాలు చూపించాను. మళ్లీ ఎడమకాలు. తరువాత చాలాసేపు ఏమీ లేదు. అమ్మ ఆగిపోయిందనుకుని కళ్లు తెరిచాను. పత్తి నా కుడిపాదం మీదే ఉంది. అమ్మ దాన్ని మెల్లగా అటూ ఇటూ తిప్పుతోంది.

మా ఇంట్లో ఆ క్షణానికి అర్థం చెప్పాల్సిన పని లేదు. స్పర్శ లేని చోటు అంటే ఏమిటో అమ్మకు తెలుసు, నాకు తెలుసు. మా ప్రాంతంలో దాని పేరు పలకరు, పెద్దరోగం అంటారు. నాకు భయం వేసి ఉండాలి. వేసిందో లేదో ఇప్పుడు గుర్తు లేదు. దీపం పెట్టే వేళ అయిందని లేచి దీపం పెట్టాను.

మర్నాడు అమ్మ తనతో ఆసుపత్రికి తీసుకెళ్లింది. డాక్టరు గారు మచ్చల కోసం ఒళ్లంతా చూశారు, మోచేతి వెనక నరం తడిమారు, చెవి తమ్మె నుంచి రసి తీసి పరీక్షకు పంపారు. అది కాదని తేలింది. మోకాలి పక్కన నరం నలిగిందన్నారు. కండకు బలం తిరిగి వచ్చింది గాని, స్పర్శ రావచ్చు, రాకపోవచ్చు అన్నారు. అమ్మ ఆయన బల్ల అంచు పట్టుకుని కింద కూర్చుండిపోయింది.

ఆదివారం చర్చిలో, దేవుడు చేసిన మేలు చెప్పుకునే సాక్ష్యాల సమయంలో అమ్మ ముసుగు సర్దుకుని లేచింది. "మా పాప కాలికొచ్చిన గండం దేవుడు తప్పించాడు" అంది. అంతకు మించి చెప్పలేదు. అందులో అబద్ధమూ లేదు. సంఘమంతా చప్పట్లు కొట్టింది. అయ్యగారి భార్య నన్ను దగ్గరికి తీసుకుంది. కాలు నయమైందని అందరూ అనుకున్నారు. స్తోత్ర గీతం పాడుతున్నప్పుడు నేను చాప మీద కూర్చుని, పేంటు కాదు గాని ఆ రోజు కట్టుకున్న లంగా అంచు కింద, కుడికాలి బొటనవేలిని చేత్తో నొక్కి చూసుకున్నాను. లేనిదాని కోసం అందరూ స్తుతిస్తున్నారు. ఉన్నదాని గురించి ఎవరూ అడగలేదు. నేనూ పాడాను.

ఇంటికి వచ్చాక అమ్మ అంది, "బయట ఎవులికీ సెప్పకు. కాలికి తెలివి లేదంటే మనూర్లో ఒకటే మాట. డాక్టరు కాయితం ఎవులు సదువుతారు? నీ సెయ్యి ఇంకెవులూ పట్టరు."

కబడ్డీలో చెయ్యి పట్టకపోతే ఆట లేదు. అందుకని చెప్పలేదు, ఒక్కరికి తప్ప. నా పక్కన ఆడే ఆ రైతుల పిల్లకు చెప్పకుండా ఆమె చెయ్యి పట్టుకోవడం నాకు చేతకాలేదు. మైదానం పక్కన జీడిమామిడి చెట్ల కింద చెప్పాను. ఆమె వంగి నా పాదాన్ని చూసింది.

"అది కాదని డాక్టరు సెప్పీసినాడా?"

"చెప్పారు."

"మరి ఏటే ఆ మొకం? లెగు. నానేదో నీ సెయ్యి వదిలెత్తాననుకున్నావేటి? మా బూమే పోనాది. నీ కాలు తెలివి పోతే నాకేటి."

కోచ్ గారు అడిగింది ఒక్కటే. "నొప్పి ఉందా అమ్మా?" లేదన్నాను. అది నిజం. "అయితే ఆడు."

ఎలా ఆడాలో నేర్పింది అమ్మ. ఆసుపత్రిలో కాళ్లకు స్పర్శ పోయినవాళ్లకు ఆమె రోజూ చెప్పే పాఠమే నాకూ చెప్పింది. వాళ్లు సాయంత్రం తొట్టిలో కాళ్లు నానబెట్టి, తుడుచుకుని, అరికాలు పైకి తిప్పి కళ్లతో వెతుక్కోవాలి. ముల్లుందా, బొబ్బ ఉందా అని. "కాలు సెప్పదు. కన్నే సెప్పాల," అనేది. నేను ఆటలో అదే చేశాను. కూతకు వచ్చిన అమ్మాయి కాలు విసిరినప్పుడల్లా నా కుడిపాదం వైపు చూసేదాన్ని. తగిలితే చూసి చెయ్యెత్తేదాన్ని.

కానీ మూలలో నిలబడేవాళ్లు చూడాల్సింది సొంత పాదాన్ని కాదు, వచ్చినదాని నడుమును. నడుము ఎటు తిరిగితే మనిషి అటు వెళ్తుంది. నేను కిందికి చూసిన రెప్పపాటులో వాళ్లు తప్పించుకునేవారు. సాధనలో నా పట్లు తగ్గాయి. కోచ్ గారు అరిచారు.

"తల వంచుతావేంటి? పెళ్లిచూపులా?"

అందరూ నవ్వారు. నేను తల ఎత్తాను. తల ఎత్తితే పట్టు దొరికేది, కాలు సంగతి తెలిసేది కాదు. దించితే కాలు సంగతి తెలిసేది, పట్టు దొరికేది కాదు. పోటీలు వచ్చేవరకు ఆ రెంటి మధ్యే గడిపాను.

పోటీల్లో సెమీఫైనల్ దాకా వచ్చాం. రాష్ట్రంలోని ఇంకో విశ్వవిద్యాలయం జట్టుతో ఆట. సముద్రం గాలికి సున్నం గీతలు చెదిరిపోతుంటే కుర్రాళ్లు మళ్లీ వేస్తున్నారు. రాష్ట్ర జట్టు కోసం వచ్చిన పెద్దలు షామియానా కింద కుర్చీల్లో ఉన్నారు. ఆట ముగిసే వేళకు ఇరు జట్లూ సమానం. వాళ్ల జట్టులో పొడుగు కాళ్ల అమ్మాయి ఆఖరి కూతకు వచ్చింది.

నా ఎడమచేతిలో నా స్నేహితురాలి చెయ్యి తడిగా ఉంది. "పైకి సూడు," అంది పెదాలు కదపకుండా. "కిందకి సూడకు. పైకి సూడు."

పైకే చూశాను. ఆ అమ్మాయి నడుము ఎడమకు తిరిగింది. నేను దూకాను. ఆమె కాలు బయటికి విసిరి, నా చేతులకు వేలెడు దూరంలోంచి జారి, మధ్య గీత మీద బోర్లా పడింది. పడి చెయ్యి పైకెత్తింది.

"తగిలింది సార్! పేంటు అంచుకు తగిలింది!"

గీత దగ్గరి అంపైరు తల అడ్డంగా ఊపాడు, తనకు కనబడలేదని. పెద్ద అంపైరు నా దగ్గరికి వచ్చాడు. ఇంటర్ రోజుల్లో విజిల్ నోట్లో పెట్టుకుని నిలబడిపోయిన మనిషే ఆయన. జుట్టు కొంచెం నెరిసింది.

"నువ్వు చెప్పమ్మా. తగిలిందా?"

నేను కాలు వైపు చూశాను. నీలం గుడ్డ మీద దుమ్ము ఉంది. దుమ్ము అంతటా ఉంది. పాదాన్ని అడిగాను. పాదం చెప్పలేదు.

"తెలీదండి," అన్నాను.

"తెలీదా?"

"తెలీదండి."

వెనక నుంచి నా స్నేహితురాలు పళ్ల బిగువున అంది, "లేదని సెప్పే. తగల్లేదని సెప్పీవే తల్లీ."

కాలికి స్పర్శ లేదని చెప్పవచ్చు. చెబితే షామియానా కింద కూర్చున్నవాళ్లూ, మా జట్టూ, వాళ్ల జట్టూ, చుట్టూ నిలబడ్డవాళ్లూ ఒకే మాట వింటారు. నేను నోరు మూసుకున్నాను. అంపైరు కాసేపు నా ముఖంలోకి చూశాడు. నాతో ఇన్నేళ్లలో ఆయన నేర్చుకున్నది ఒకటే, తగలకపోతే ఈ పిల్ల వెంటనే లేదంటుంది. లేదనలేదంటే తగిలిందన్నమాట, చెప్పడానికి నోరు రావడం లేదు. ఆయన అలా అనుకున్నాడని తరువాత ఆయనే అన్నాడు. విజిల్ ఊది వాళ్లకు పాయింటు ఇచ్చాడు. ఆట అయిపోయింది.

నా స్నేహితురాలు నేల మీద కూర్చుని ఏడ్చింది. నేను మంచినీళ్లు తాగాను. నీళ్లు చల్లగా ఉన్నాయి.

మర్నాడు కోచ్ గారు తన గదికి పిలిచారు. బల్ల మీద రెండు గ్లాసుల్లో టీ ఉంది. ఆయన ముఖం వెలిగిపోతోంది.

"నిన్ను రాష్ట్ర శిబిరానికి రమ్మన్నారమ్మా. ఓడిపోతామని తెలిసి కూడా అబద్ధమాడలేదు, ఇలాంటి పిల్ల ఒకతి జట్టులో ఉండాలి అన్నారు."

ఆ మాట కోసమే నేను అన్నాళ్లు ప్రార్థించాను. మాట వచ్చింది. లోపల ఏమీ కదల్లేదు.

"నేను నిజం చెప్పానని పిలిచారాండీ?"

"మరి?"

"నేను నిజం చెప్పలేదు సార్. అబద్ధమూ చెప్పలేదు. నాకు తెలియలేదు. నా కుడిపాదానికి స్పర్శ లేదు."

అన్నీ చెప్పాను. నరం నలిగిన సంగతి, అది కాదని తేలిన సంగతి, అమ్మ ఎక్కడ పనిచేస్తుందో కూడా. ఆయన మంచి మనిషి. తిట్టలేదు. నా వైపు జరిపిన టీ గ్లాసు మీద ఆయన వేళ్లు ఇంకా ఉన్నాయి. అవి మెల్లగా వెనక్కి వెళ్లాయి.

"ఆరోగ్యం చూసుకో అమ్మా," అన్నారు. "శిబిరం సంగతి నేను వాళ్లతో మాట్లాడతాను."

టీ తాగి, గ్లాసు కడిగి, కిటికీలో బోర్లించి వచ్చాను. శిబిరానికి నా స్నేహితురాలు వెళ్లింది. వెళ్లనని రెండు రోజులు మొండికేసింది. నేనే పెట్టె సర్దిపెట్టాను. రైలు కదిలేటప్పుడు కిటికీలోంచి నా చెయ్యి పట్టుకుని ఒక పట్టాన వదల్లేదు. "ఒలే, నా పక్కన ఎవులు నిలబడినా నీ సెయ్యి కాదే," అంది. ఆమె రాష్ట్రానికి చాలా ఏళ్లు ఆడింది. నేను మళ్లీ గీత లోపలికి వెళ్లలేదు. ఎవరి బలవంతమూ లేదు. ఒకరు నన్ను తాకితే తెలిసినంత కాలమే ఆ ఆటలో నాకు చోటు ఉంది.

ఎనభైల్లో గాజువాక అవతల ఉక్కు కర్మాగారం గొట్టాలు లేస్తుండగా, అమ్మ పనిచేసిన ఆసుపత్రిలోనే నేనూ చేరాను. స్పర్శ పోయినవాళ్లకు కాళ్లు చూసుకోవడం నేర్పుతాను. సాయంత్రం వరుసగా తొట్లు పెట్టి కూర్చోబెట్టి, చివర నా తొట్టి పెట్టుకుంటాను. కొత్తవాళ్లు నన్ను చూసి, ఈవిడకూ ఉందేమో అనుకుంటారు. అనుకోనిస్తాను. అనుకున్నాక వాళ్లు అరికాళ్లు దాచుకోరు.

ఆ రోజు అంచు తగిలిందో లేదో ఇప్పటికీ నాకు తెలియదు. ఆ పొడుగు కాళ్ల అమ్మాయికి తెలుసు. దేవునికి తెలుసు. తన అంగీ అంచు ఎవరు ముట్టారో ఎరిగినవాడికి నా పేంటు అంచు సంగతీ తెలుసు. చెప్పమని చాలాకాలం అడిగాను. ఇప్పుడు అడగడం లేదు.

చదివినవారిని ఒక్కటి కోరుతున్నాను. ఈ సాయంత్రం మీరు కాళ్లు కడుక్కునేటప్పుడు నీళ్లు చల్లగానో వెచ్చగానో తగులుతాయి. తగిలిన ఆ క్షణంలో, మీకు అలవాటైన మాటల్లోనే, నాతో కలిసి ప్రార్థించండి. తొట్ల దగ్గర వరుసగా కూర్చున్న మా వాళ్ల కోసం. ఎక్కడ ఉందో గాని ఆ పొడుగు కాళ్ల అమ్మాయి కోసం, ఆమె నిజమే చెప్పి ఉంటే నిశ్చింత కోసం, చెప్పకపోయి ఉంటే కూడా నిశ్చింత కోసం. నా పాదం కోసం వద్దు. ఏమీ కదలని రోజున కూడా నా నోరు స్తోత్రం మానకుండా ఉండాలని అడగండి. మీరు అడుగుతున్నంతసేపు నేనూ ఇక్కడ కళ్లు మూసుకుని ఉంటాను.